ప్రశ్నలు మానని విశ్వాసి: జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ జీవితము

ధ్యానమునకు: కీర్తనలు 111:2, హెబ్రీయులకు 11:1-3



మన పల్లెలలో ఒక భయము కలదు. బిడ్డ పెద్ద చదువులకు పట్టణము పోయి సైన్సు చదివినయెడల, తల్లి నేర్పిన ప్రార్థన మరచిపోవునేమో అని తలిదండ్రులు లోలోపల దిగులుపడుదురు. ఆ దిగులు వట్టిదని మేము చెప్పము. అట్లు మరచినవారును ఉన్నారు. అయితే ఆ భయముచేత మనలో కొందరు మరియొక పొరపాటు చేయుదురు. చిన్నబిడ్డ ఇది ఎందుకు, అది ఎట్లు అని అడుగగా, అట్టి ప్రశ్నలు వేయరాదని గదిమి నోరు మూయింతురు. అడిగినంతమాత్రమున విశ్వాసము పోవునా?

ఈ నెల మేము ఒక మనుష్యుని జీవితమును మీ యెదుట ఉంచుచున్నాము. ఆయన మాటలు నేర్చినది మొదలు మరణశయ్యవరకు ప్రశ్నలు మానలేదు, ప్రార్థనయు మానలేదు. మీ యింట రేడియో పాడుచున్నను, మీ కుమారుడు దూరదేశమునుండి సెల్ ఫోనులో మీతో మాటలాడుచున్నను, ఆ మాట గాలిలో ఏ దారిని వచ్చుచున్నదో ముందుగా లెక్కవేసి చెప్పినవాడు ఆయనే. ఆయన పేరు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్.

తల్లి నేర్పినది, తండ్రి చూపినది

1831 జూన్ 13న స్కాట్లండు ముఖ్యపట్టణమైన ఎడిన్‌బరోలో, ఇండియా వీధి అని పిలువబడు వీధిలోని 14వ నంబరు ఇంట ఈయన జన్మించెను. తండ్రి జాన్ వకీలు చదువు చదివినవాడు. తల్లి ఫ్రాన్సెస్. తండ్రి ప్రెస్బిటేరియను సంఘమువాడు, తల్లి ఎపిస్కోపల్ సంఘమునకు చెందినది. కనుక బిడ్డ రెండు సంఘముల ఆరాధనను ఎరిగి పెరిగెను.

జేమ్సు పసివాడైయున్నప్పుడే ఆ కుటుంబము పట్టణము విడిచి, స్కాట్లండు దక్షిణ భాగమున గాలవే ప్రాంతములో తమకున్న భూమిమీదికి పోయి కాపురముండెను. అది సుమారు 1,500 ఎకరముల ఎస్టేటు. అక్కడ తండ్రి కట్టించిన ఇంటి పేరు గ్లెన్‌లేర్. చుట్టును పొలములు, వాగు, పశువులు, పనివారు. అతడు పల్లెబిడ్డగానే పెరిగెను, పల్లెభాషనే మాటలాడెను.

మూడేండ్లు నిండకముందే అతని ప్రశ్నలు ఆరంభమాయెను. తలుపు తాళము ఎట్లు పడును? గంట మ్రోగించు తీగె గోడలో ఏ రంధ్రమున పోవుచున్నది? చెఱువునీరు గోడక్రిందనుండి ఏ దారిని వాగులో కలియుచున్నది? పైపై జవాబు చెప్పినయెడల ఊరకుండువాడు కాడు. అసలు సంగతి చెప్పువరకు మరల మరల అడుగుచుండెను. ఆ తండ్రి విసుగుకొనలేదు. చేయి పట్టుకొని తీసికొనిపోయి, తీగెను చూపెను, రంధ్రమును చూపెను.

తల్లి అతనికి మొదటి గురువు. చదువుటయు వ్రాయుటయు ఆమె నేర్పెను. పువ్వును, నక్షత్రమును, వాగును చూచి అక్కడనే ఆగిపోక, వాటిని చేసిన దేవునివైపు కన్నులెత్తవలెనని ఆమె నేర్పెను. ఎనిమిదేండ్ల వయస్సునకు ఆ బాలుడు 176 వచనములుగల 119వ కీర్తన అంతయు చూడకుండ చెప్పగలిగెను. మన సండేస్కూలు పిల్లలలో ఎందరు చెప్పగలరో ఆలోచింతము.

అట్టి తల్లి 1839 డిసెంబరులో కడుపులో క్యాన్సరువలన మరణించెను. ఆమె వయస్సు సుమారు 48 సంవత్సరములు. నొప్పి తెలియకుండ చేయు మత్తుమందు అప్పటికింకను వాడుకలోనికి రాలేదు. అట్టి దినములలో ఆమె శస్త్రచికిత్సకు ఒప్పుకొని ఆ బాధనంతయు భరించినను బ్రదుకలేదు. జేమ్సు ఎనిమిదేండ్లకే తల్లిలేనివాడాయెను. ఈ సంగతి మరువకుడి. నలుబది ఏండ్ల తరువాత మనము దీనియొద్దకు మరల వత్తుము.

వెక్కిరింపబడిన బాలుడు

తల్లి పోయిన పిమ్మట ఇంట చదువు చెప్పుటకు ఒక పడుచువానిని నియమించిరి. అతడు బాలుని తలమీద కొట్టుచు, చెవులు మెలిపెట్టుచు పాఠము చెప్పెను. దెబ్బలవలన చదువు రాలేదు. ఆ బాలుని చూడవచ్చిన పినతల్లి సంగతి గ్రహించి ఆ చదువు మాన్పించెను. 1841లో తండ్రి అతనిని ఎడిన్‌బరో అకాడమీ అను పాఠశాలకు పంపెను.

మొదటి దినమున జేమ్సు తండ్రి స్వయముగా ఆలోచించి కుట్టించిన చొక్కాయును, ముక్కు చదరముగానుండు బూట్లును తొడిగికొని పోయెను. పట్టణపు పిల్లలు చుట్టుముట్టి వెక్కిరించిరి. పల్లెమాట వినినవి. నవ్విరి. మాట కొంచెము తడబడుచుండుటచేత మరింత నవ్విరి. సాయంకాలమునకు చొక్కాయి చినిగిపోయెను. వారు అతనికి పిచ్చివాడని పేరు పెట్టిరి. ఆ పేరు ఏండ్లతరబడి అతనిని విడువలేదు. అయినను అతడు ఎవరిమీదను కక్ష పెట్టుకొనలేదు, బడి మానలేదు.

ఆ పిచ్చివాడే పదునాలుగేండ్ల వయస్సున గుండుసూదులకు దారము చుట్టి కోడిగుడ్డు ఆకారముగల వంపులను గీయు పద్ధతి ఒకటి కనిపెట్టెను. 1846లో ఫోర్బ్స్ అను ప్రొఫెసరు దానిని ఎడిన్‌బరోలోని రాయల్ సొసైటీ సభలో చదివి వినిపించెను. వ్రాసినవాడు బాలుడగుటచేత తానే నిలువబడి చదువుట తగదని పెద్దలు తలంచిరి.

తరువాత మూడేండ్లు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయములోను, 1850 మొదలు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలోను చదివెను. 1854లో గణితశాస్త్ర పరీక్షలో రెండవవాడుగా నిలిచెను. కేంబ్రిడ్జిలోనున్న కాలముననే, 1853లో, ఒక పాదిరిగారి యింటికి అతిథిగా పోయి అక్కడ జ్వరముతో పడెను. ఆ కుటుంబమువారు సొంతబిడ్డవలె సాకిరి. దేవుని ప్రేమ ఎట్టిదో ఆ పరిచర్యలో తనకు మునుపటికంటె లోతుగా తెలిసినదని ఆయన అటుపిమ్మట వ్రాసెను. గొప్ప ప్రసంగమువలన కాదు. ఒకరు గంజి పోసి, పడకయొద్ద కూర్చుండుటవలన తెలిసినది.

దెబ్బమీద దెబ్బ

తండ్రి వృద్ధుడై బలహీనుడగుచుండెను. స్కాట్లండులో ఉద్యోగము దొరికినయెడల సెలవు కాలమంతయు తండ్రితో ఉండవచ్చునని తలంచి, జేమ్సు అబర్డీన్ పట్టణమందలి మారిషల్ కాలేజీలో ప్రొఫెసరు పనికి దరఖాస్తు పెట్టెను. ఆ పని దొరకకమునుపే 1856 ఏప్రిల్‌లో తండ్రి మరణించెను. ఎవరికొరకు ఆ ఉద్యోగము కోరెనో వారు లేకుండగనే 25 ఏండ్ల వయస్సున ఆయన ఆ కుర్చీలో కూర్చుండెను.

అబర్డీన్‌లో నుండగా ఆయన శనిగ్రహపు వలయములనుగూర్చి లెక్కలు వేసెను. దూరదర్శినిలో చూచినయెడల ఆ గ్రహము చుట్టు వెడల్పైన కడియమువంటిది కనబడును. అది గట్టి పళ్లెమువంటిదా? నీటివంటిదా? ఎందువలన విరిగి పడిపోక నిలుచుచున్నది? గట్టిదైనయెడల నిలువదనియు, నీటివంటిదైనను చెదరిపోవుననియు ఆయన లెక్కవలన చూపెను. లెక్కలేనన్ని చిన్నచిన్న తునకలు, దేని దారిని అది, గ్రహము చుట్టు తిరుగుచుండవలెననియు, దూరమునుండి చూచు మనకు అవి ఒక్కటిగా కనబడుచున్నవనియు చెప్పెను. ఈ పని 1857లో ఆడమ్స్ బహుమానము పొందెను. 1980, 1981లలో వాయేజరు అను అంతరిక్ష నౌకలు శనిగ్రహము దాపుగా పోయి తీసిన ఛాయాచిత్రములు ఆ వలయములను ఎన్నెన్నో సన్నని చారలుగా విడదీసి చూపెను. అవి విడివిడి తునకలేయని నేడు నిశ్చయముగా తెలియును. కంటికి కనబడనిదానిని ఆయన గదిలో కూర్చుండి కాగితముమీద చూచెను.

1858 జూన్‌లో ఆయన ఆ కాలేజీ ప్రిన్సిపాలుగారి కుమార్తెయగు కేథరిన్ మేరీ డివార్‌ను వివాహమాడెను. ఆమె ఆయనకంటె ఏడేండ్లు పెద్దది. వారికి సంతానము లేదు. ఇద్దరు ఒకరినొకరు విడిచి వేరు ఊళ్లలో ఉన్నప్పుడు, ఆయన వ్రాయు ఉత్తరములలో ఆ దినమున చదివిన బైబిలు భాగమునుగూర్చిన తలంపులు ఉండెను.

1860 ఆ దంపతులకు కష్టకాలము. అబర్డీన్‌లోని రెండు కాలేజీలను కలిపి ఒక్కటి చేసిరి. ఒక పాఠమునకు ఒక్క ప్రొఫెసరే చాలునని మాక్స్‌వెల్‌ను తీసివేసిరి. ఎడిన్‌బరోలో ఖాళీయైన పనికి దరఖాస్తు పెట్టగా, అది ఆయన చిన్ననాటి స్నేహితుడగు టేట్‌కు దొరికెను. ఆ వేసవిలోనే మశూచి వచ్చి ప్రాణమునకు అపాయమాయెను. కేథరిన్ పడకయొద్దనుండి సేవచేయగా బ్రదికెను. టేట్‌మీద ఆయన అసూయపడలేదు. తుదివరకు వారు ప్రియమిత్రులుగానే ఉండిరి. మనలో ఒకే పనికి ఇద్దరు స్నేహితులు నిలువబడి, ఒకరికి దొరికి ఒకరికి దొరకనప్పుడు ఏమి జరుగునో మనకు తెలిసినదే.

వెలుగు ఏమిటి?

ఆ సంవత్సరమే లండనులోని కింగ్స్ కాలేజీ ఆయనను పిలిచెను. అక్కడ అయిదేండ్లు పనిచేసెను. అబర్డీన్‌లో వలెనే లండనులోను చేతిపనులు చేయువారికి సాయంకాలములందు పాఠములు చెప్పెను. 1861లో ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల అద్దములగుండ ఒక గళ్ల రిబ్బను ఛాయాచిత్రములను వేరువేరుగా తీయించి, మూటిని తెరమీద ఒకదానిపైనొకటి పడునట్లు చేసి, రంగుల ఛాయాచిత్రము సాధ్యమని చూపెను. నేటి టీవీ తెరలును ఫోను తెరలును ఆ మూడు రంగులతోనే సమస్త వర్ణములను చూపుచున్నవి.

అయితే ఆయన చేసిన మిక్కిలి గొప్ప పని మరియొకటి. లండనులో మైకేల్ ఫారడే అను వృద్ధ శాస్త్రజ్ఞుడు ఉండెను. ఆయన కమ్మరివాని కుమారుడు, గొప్ప విశ్వాసి, గణితము నేర్చుకొననివాడు. అయస్కాంతముమీద కాగితముంచి ఇనుప రజను చల్లినయెడల ఆ రజను వరుసలు వరుసలుగా నిలుచును. అయస్కాంతము చుట్టునున్న చోటు ఖాళీ కాదనియు, కంటికి కనబడని శక్తి రేఖలతో నిండియున్నదనియు ఫారడే తలంచెను. లెక్కలు తెలిసిన పండితులలో అనేకులు ఆ మాటను తేలికగా త్రోసివేసిరి. మాక్స్‌వెల్ త్రోసివేయలేదు. తనకంటె నలుబదేండ్లు పెద్దవాడైన ఆ కమ్మరి కుమారుని పుస్తకములను వినయముతో చదివి, వాటిలోని తలంపులను గణిత భాషలో పెట్టుటకు పూనుకొనెను.

అట్లు చేయుచుండగా ఒక ఆశ్చర్యము బయలుపడెను. విద్యుత్తును అయస్కాంతశక్తియు కలిసి నీటిమీది అలవలె చోటులో ప్రయాణము చేయునని లెక్కలో వచ్చెను. 1861 వేసవిలో గ్లెన్‌లేర్‌లో ఆయన ఈ లెక్క సాధించెను. లండనుకు తిరిగివచ్చి, ఇతరులు కొలిచిన అంకెలు అందులో పెట్టి ఆ అల వేగము ఎంతయని చూచెను. అది వెలుగు వేగముతో ఇంచుమించు సరిపోయెను. అనగా సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్లు. కాబట్టి వెలుగనునదియే విద్యుదయస్కాంత తరంగమని ఆయన తేల్చెను. 1865లో దీనినంతయు క్రమముగా వ్రాసి ప్రకటించెను.

ఆ తరంగములను పుట్టించి చూపినవారు అప్పటికి ఎవరును లేరు. జర్మనీ దేశస్థుడైన హెర్జ్ 1887, 1888లలో వాటిని పుట్టించి చూపెను. దాని తరువాతనే వైర్‌లెస్, రేడియో, టీవీ, సెల్ ఫోను వచ్చినవి. అప్పటికి మాక్స్‌వెల్ మరణించి ఎనిమిదేండ్లకు పైగా గడిచెను. తాను విత్తినదాని కోత ఆయన చూడలేదు.

గ్లెన్‌లేర్ యజమానుడు, కోర్సక్ సంఘపెద్ద

1865లో ఆయన ఉద్యోగము మాని గ్లెన్‌లేర్‌కు పోయి, పొలములు చూచుకొనుచు, తన పెద్ద పుస్తకములు వ్రాసెను. దాపుననున్న కోర్సక్ ఊరి సంఘములో ఆయన పెద్ద. ప్రతి సాయంకాలము ఇంటివారిని పనివారిని కూర్చి ప్రార్థన నడిపించెను. ఊరిలో ఎవరైన జబ్బుపడినయెడల పోయి, వారు కోరినప్పుడు వాక్యము చదివి ప్రార్థించెను. వెలుగు మర్మమును తెలిసికొనిన ఆ మనుష్యుడు కూలివాని గుడిసెలో మోకాళ్లూనుటను మనము మనస్సులో ఊహించుకొందము.

1871లో కేంబ్రిడ్జిలో ప్రయోగశాల కట్టించి నడుపుటకు ప్రొఫెసరు కావలసివచ్చెను. మొదట అడిగిన ఇద్దరు గొప్పవారు రామనిరి. తరువాత మాక్స్‌వెల్‌ను అడిగిరి. మూడవవాడనని ఆయన చిన్నబుచ్చుకొనలేదు. 1874లో ఆ కావెండిష్ ప్రయోగశాల తెరువబడెను. దాని తలుపుమీద 111వ కీర్తన 2వ వచనము లాటిను భాషలో చెక్కబడెను. దేవుని పనులయందు ఆనందించువారు వాటిని పరిశోధింతురని ఆ వచనపు భావము. విచారించుట అనునది సంతోషము యొక్క బిడ్డయని ఆ ద్వారము లోపలికి పోవువారితో చెప్పుచుండెను.

సైన్సును బైబిలుకు సాక్షిగా నిలుపలేదు

ఇక్కడ చదువరులు ఒక సంగతి జాగ్రత్తగా గమనింపవలెనని కోరుచున్నాము. ఇట్టి గొప్పవాడు విశ్వాసియైనందున, సైన్సు బైబిలును రుజువు చేసినదని చాటుటకు మనకు ఆశ కలుగును. మాక్స్‌వెల్ ఆ దారిని పోలేదు. సైన్సును క్రైస్తవ మతమును సమాధానపరచుటకు లండనులో ఏర్పడిన ఒక సంస్థ 1875లో ఆయనను సభ్యుడుగా చేరుమని పిలువగా, ఆయన ఒప్పుకొనలేదు. ఈ రెంటిని తన హృదయములో సరిచూచుకొనుట ప్రతి విశ్వాసికిని తగిన పనియే గాని, ఒకడు నేడు తేల్చుకొనినదానిని అందరిమీదను ముద్రవేయరాదని ఆయన తలంచెను.

మరుసటి సంవత్సరము ఒక బిషప్పుగారు, సూర్యునికి ముందు మొదటి దినమున వెలుగు కలుగుటనుగూర్చి ఆదికాండములోనున్నది సైన్సుతో పొసగునా అని ఆయనకు వ్రాసిరి. చోటంతయు ఈథరు అను సూక్ష్మపదార్థముతో నిండియున్నదని ఆ దినములలో శాస్త్రజ్ఞులందరు నమ్మిరి. మాక్స్‌వెల్ తానును నమ్మెను. దానినిబట్టి ఒక వివరణ అల్లి, బిషప్పుగారిని సంతోషపెట్టుట ఆయనకు కష్టము కాదు. ఆయన అట్లు చేయలేదు. సైన్సులోని ఊహలు త్వరత్వరగా మారుననియు, దేవుని వాక్యమును అట్టి ఊహకు కట్టరాదనియు, కట్టినయెడల పాతిపెట్టవలసిన ఊహ కూడ పాతిపెట్టబడక నిలిచియుండుననియు జవాబు వ్రాసెను. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున ఈథరు అను ఆ తలంపు నిజముగానే విడువబడెను. వాక్యమును దానికి కట్టియుండినయెడల ఎంత సిగ్గుపడవలసివచ్చియుండును!

కనుక ఆయన విశ్వాసము లెక్కలమీద ఆనుకొనినది కాదు. ఆయన లెక్కలును విశ్వాసమునకు భయపడి ఆగిపోలేదు. రెండును ఒకే మనుష్యునిలో, ఒకే దేవుని యెదుట, నిజాయితీతో నివసించెను.

తుది దినములు

కేంబ్రిడ్జిలో కేథరిన్ తరచుగా జబ్బుపడుచుండెను. ఒకసారి ఆయన మూడు వారములు పడకమీద పండుకొనక, రాత్రులు ఆమెయొద్ద కుర్చీలో కూర్చుండి, పగలు యథాప్రకారముగా పాఠములు చెప్పి ప్రయోగశాల చూచుకొనెను. మశూచి దినములలో ఆమె చేసినదానిని ఆయన మరువలేదు.

1879లో ఆయనకు కడుపులో నొప్పి ఆరంభమాయెను. చాలకాలము ఎవరికిని చెప్పలేదు. అక్టోబరులో, ఒక నెలకంటె బ్రదుకడని వైద్యుడు చెప్పెను. అది తల్లికి వచ్చిన జబ్బే. ఆయన వయస్సును ఇంచుమించు తల్లి వయస్సే, 48. చిన్నతనమున చూచిన ఆ బాధను తానును పొందవలసియున్నదని ఆయన ఎరుగును. అయినను దేవునిమీద సణుగలేదు. తన జీవితమంతట తాను ఎంత మృదువుగా నడిపింపబడితినో అని తలంచుకొనుచున్నట్లు స్నేహితునితో చెప్పెను. ఆయన చింతయంతయు తన వెనుక ఒంటరియగు భార్యనుగూర్చియే. 1879 నవంబరు 5న నిద్రించెను. ఆయన దేహమును స్వదేశమునకు తీసికొనిపోయి పార్టన్ అను చిన్న ఊరి గుడి ఆవరణములో తలిదండ్రులయొద్ద పాతిపెట్టిరి. 1886లో కేథరిన్‌ను అక్కడనే ఉంచిరి.

మనకు

తలిదండ్రులారా, మీ బిడ్డ ప్రశ్న వేసినప్పుడు నోరు మూయింపకుడి. తెలిసినయెడల ఆ తండ్రివలె చేయి పట్టుకొని చూపుడి. తెలియనియెడల తెలియదని చెప్పుడి. దానివలన మీ మర్యాద తగ్గదు. కాని ఆ తల్లి చేసినదియు మరువకుడి. ఎనిమిదేండ్లే ఆమెకు దొరికినవి. ఆ ఎనిమిదేండ్లలో ఆమె నాటిన వాక్యము నలుబది ఏండ్లకు ఆమె జబ్బుతోనే పడియున్న కుమారునికి ఆధారమాయెను. బిడ్డను చదువునుండి దాచుట మన పని కాదు. పోవు బిడ్డకు దారిబత్తెము కట్టి ఇచ్చుట మన పని.

చదువుకొనుచున్న యౌవనులారా, అడుగుటకు భయపడకుడి. అయితే అడుగుట నేర్చినవాడు రోగి పడకయొద్ద కూర్చుండుటయు నేర్వవలెను. మాక్స్‌వెల్ రెండును నేర్చెను.

ప్రార్థన: ప్రభువా, నీ పనులను విచారించు మనస్సును, నీయెదుట వంగు మోకాళ్లను మా బిడ్డలకు దయచేయుము. వారి ప్రశ్నలకు విసుగని ఓర్పును మాకిమ్ము. ఆమేన్.